చూశాను, లేవు

మార్చి 4

ఈ నోటుపుస్తకం ట్రైనింగులో ఇచ్చారు. ఒంటికి రక్తం పీల్చే పిడుదు పట్టుకుంటే పట్టకారుతో తిన్నగా లాగి, ఆ చోటు సబ్బుతో కడిగి, పురుగును పారెయ్యకుండా టేపుతో కాగితానికి అంటించి పెట్టుకోవాలట. తర్వాత జ్వరం తగిలితే ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఏ పురుగో, ఏ రోజు పట్టిందో తెలిస్తే వైద్యం తేలికేనట. తెలియకపోతే ఏదో అనుకుని ఇంకేదో మందిస్తారు, ఈలోగా మనిషి చేయి దాటిపోతాడు.

నేను కుడి పేజీల్లోనే రాస్తాను. ఆ కాగితం వెనకవైపు పురుగులకు వదిలేస్తాను. ఏ రోజు పట్టిన పురుగు ఆ రోజు రాత వెనకే ఉండాలి. ఎవరు చూసినా చూడకపోయినా నాకు పద్ధతంటే పద్ధతే.

జీపు మమ్మల్ని రేకుల గది దగ్గర దింపి వెళ్లిపోయింది. ఒకటే గది, రెండు మంచాలు, గోడకు అరచేతంత అద్దం. తలుపు తీస్తే నడుమెత్తు గడ్డి. ఫోను పలకదు. రోడ్డుకి నడక నాలుగు గంటలు. జీపు మళ్లీ శనివారమే వస్తుంది. అడవి చుట్టూ హద్దు రాళ్లు మూడు వందల పన్నెండు ఉన్నాయి. ఒక్కోదాన్నీ వెతికి, చుట్టూ పొద కొట్టి, సున్నం వేసి, ఎర్ర రంగుతో నెంబరు రాయాలి. నలభై అయిదు రోజుల పని. నేనూ, బావా.

బావ అంటే మా చెల్లెలి మొగుడు. నాకంటే ఆరేళ్లు చిన్న. నేను తనని బావా అంటాను, తను నన్నూ బావా అంటాడు. ఆఫీసులో ఎవరు ఎవరికి బావో తేల్చుకోలేక మాకు 'జంట బావలు' అని పేరు పెట్టేశారు. నా భార్య పోయినప్పటినుంచి వాళ్లింటి వెనక గదిలోనే ఉంటున్నాను. పన్నెండేళ్లయింది. ఇంట్లోనూ ఆ మొహమే, అడవిలోనూ ఆ మొహమే.

మార్చి 5

సాయంత్రం వెలుతురుండగానే చొక్కాలు విప్పి ఒకరినొకరు చూసుకోవాలని రూలు. చెవుల వెనక, మెడ, చంకలు, నడుము. మిగతావి ఎవరివి వాళ్లు తడుముకోవచ్చు గాని వీపు మాత్రం పక్కవాడే చూడాలి. చూశాక ఆఫీసు రిజిస్టరులో 'చూశాను, లేవు' అని రాసి సంతకం పెట్టాలి.

"నా వీపుతో నాకంటే నీకే పరిచయం ఎక్కువయ్యేట్టుంది బావా" అన్నాడు. నవ్వాను. ముందు నన్ను చూశాడు, తర్వాత తను తిరిగాడు. ఇక రోజూ ఇదే వరస.

మార్చి 7

నా మోకాలి వెనక రెండు. బావే తీశాడు. చెయ్యి తేలిక, నొప్పి తెలియలేదు. రెండూ ఈ పేజీ వెనకే ఉన్నాయి.

మార్చి 9

నలభై ఒకటో రాయి మీద నలభై ఏడని రాశానట. బావ గీకేసి మళ్లీ రాశాడు. పాత నెంబరు అరిగిపోయి ఉంటే ఎవరికి మాత్రం తెలుస్తుంది? ఎండ కూడా మొహం మీదే కొడుతోంది. రంగు కూడా కారింది.

ఇది మూడోసారి అన్నాడు. లెక్క కూడా పెడుతున్నాడన్నమాట.

మార్చి 11

జీపు వచ్చింది. సరుకులు దింపుతూ డ్రైవరు నా చెవిలో వేశాడు. "పెద్దాయనా, వచ్చే నెల నుంచి మీకు గేటు డ్యూటీ అంట కదా. చూపు తగ్గిందని మీ బావగారే బయల్దేరేముందు కాగితం ఇచ్చొచ్చారంట. హాయిగా కూర్చునే పనిలెండి."

హాయిగా. ముప్పై ఏళ్లు ఈ అడవిలో తిరిగినవాణ్ణి. గేటు పక్కన స్టూలేసుకుని వచ్చేపోయే బళ్ల నెంబర్లు రాసుకోవాలి. ఎనిమిది రోజులుగా ఒకే గిన్నెలో వండుకు తింటున్నాం, ఒక్క ముక్క నాతో అన్నాడు కాదు. నేనూ అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందేమోనని భయం.

సాయంత్రం చూశాను. ఎడమ రెక్క ఎముక కింద ఒకటుంది. నువ్వుగింజంత, నల్లగా, ఇంకా కాళ్లు కదుపుతోంది. సరిగ్గా పట్టుకోను కూడా లేదు. గోటితో మీటితే పోయేది.

"ఉన్నాయా బావా?" అన్నాడు.

"లేవు" అన్నాను.

రిజిస్టరులో రాశాను. సంతకం పెట్టాను. నాకు చూపు లేదుగా మరి, తనే రాసిచ్చాడు.

మార్చి 12

ఈపాటికి రాలిపోయే ఉంటుందనుకున్నాను. పుట్టుమచ్చే అయ్యుంటుందని కూడా అనుకున్నాను. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా తన వీపు మీద ఏ మచ్చ ఎక్కడుందో నాకేం తెలుసు?

సాయంత్రం చూశాను. ఉంది. లేవన్నాను.

ఉందని చెప్తే నిన్న ఎందుకు చెప్పలేదంటాడు. ఇవాళే పట్టిందని అంటే సరిపోయేది. ఆ సంగతి రిజిస్టరులో సంతకం పెట్టాక తట్టింది.

మార్చి 13

లేవు.

మార్చి 14

కందిగింజంత అయింది. ఇప్పుడు ఇవాళే పట్టిందంటే చిన్నపిల్లాడు కూడా నమ్మడు. ఆ సైజు చూస్తే ఎవరైనా రోజులు చెప్పేస్తారు. కింద నా సంతకాలు నాలుగున్నాయి. కుడితిలో పడ్డ ఎలకలా అయింది నా పని. మొదటిరోజు నోరు మూసుకున్నది నేనే, ఇవాళ తెరుద్దామంటే నోరు నా మాట వినడం లేదు.

అన్ని పిడుదులూ జ్వరం తేవని ట్రైనింగులో చెప్పారు. వందకి ఒకటో రెండో అన్నారు. స్పష్టంగా విన్నాను.

మార్చి 15

ఇవాళ పొద కొడుతూ ఆగి, చొక్కా పైకెత్తి, "బావా, ఇక్కడేదో చురుక్కుమంటోంది, చూడవా" అన్నాడు. కాస్త పైకి, ఇంకాస్త పక్కకి అంటూ చెయ్యి అందక వంకర్లు తిరుగుతున్నాడు. అది నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

"చెమటకాయలు" అన్నాను.

"పౌడరుంటే రాయి" అన్నాడు.

రాశాను. దాని చుట్టూ రాశాను.

మార్చి 16

నా చెవి వెనక ఆవగింజంతది పట్టుకున్నాడు. జుట్టు మొదట్లో ఉందట, ఎలా కనబడిందో. సబ్బుతో రెండుసార్లు కడిగాడు. నా మోకాలు నొప్పి చూసి సున్నం బస్తా కూడా తనే మోశాడు.

ఇంత మంచివాడైతే ఆ కాగితం ఎందుకిచ్చినట్టు?

మార్చి 17

రాలిపోయింది. బావ నీళ్లకు వెళ్లినప్పుడు తన దుప్పటి దులుపుతుంటే కింద పడింది. బూడిదరంగులో, చిక్కుడుగింజంత ఉంది. చెప్పుతో తొక్కేద్దామని కాలెత్తాను. ఎత్తిన కాలు పక్కకి దించాను. ముప్పై ఏళ్ల అలవాటు, దొరికింది పారెయ్యలేను. పట్టిన తేదీ వెనకే ఉండాలని కదా నా పద్ధతి, వెనక్కి తిప్పి పదకొండో తారీఖు కాగితం వెనక అంటించాను.

సాయంత్రం చూశాను, లేవు. ఆరు రోజుల తర్వాత నిజం రాశాను. సంతకం కూడా గుండ్రంగా వచ్చింది. పీడ విరగడైంది. వంట చేస్తూ ఈల వేశానట, బావ అన్నాడు.

మార్చి 18

జీపు వచ్చి వెళ్లింది. "అంతా కులాసాయేనా?" అన్నాడు డ్రైవరు. కులాసాయే అన్నాను.

మార్చి 21

రెండు వందల రాళ్లు దాటాం. బావ ఉత్సాహంగా ఉన్నాడు. రెండు వారాల ముందే ముగించేద్దాం, ఇంటికెళ్లి కాళ్లు బార్లా చాపుకుని పడుకుందాం అంటున్నాడు. పది రోజులు గడిచాయి. ఇంక ఏమీ కాదు.

మార్చి 23

బావకి తలనొప్పి. ఎండ దెబ్బేమో. మధ్యాహ్నమే పని ఆపేశాం. మాత్ర ఇచ్చాను.

ఎండ దెబ్బే.

మార్చి 24

ఒళ్లు పెనంలా కాలుతోంది. తడిబట్ట వేస్తే వేసిన చోటే ఆరిపోతోంది. కళ్లు తెరిచి నన్ను చూసి, "భయపడకు బావా. పిడుదు జ్వరం కాదులే. నువ్వు రోజూ చూశావుగా" అన్నాడు. నాకే ధైర్యం చెప్తున్నాడు.

మోసుకెళ్దామంటే నాలుగు గంటల దారి, నా మోకాలితో అయ్యే పని కాదు. వదిలి నేనొక్కణ్ణే వెళ్దామంటే లేచి దాహమన్నా నీళ్లిచ్చేవాడు ఉండడు. తలుపు దగ్గరికి వెళ్లడం, మంచం దగ్గరికి రావడం. పగలంతా ఇదే. రేపు శనివారం. రేపు శనివారం.

మార్చి 25

ఆస్పత్రి. జీపులో దారి పొడుగునా తల నా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ మొదట అడిగింది అదే. "అడవిలో పనంటున్నారు. ఈమధ్య పిడుదులేమైనా పట్టాయా?"

నేను నోరు తెరిచేలోపు బావే చెప్పాడు. "లేదండీ. మా బావ రోజూ చూస్తాడు. తను చూసి లేవన్నాడంటే లేనట్టే."

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. అవుననా కాదనా అన్నది నాకే తెలియలేదు, ఆమె అవుననే రాసుకుంది. నీళ్లలో ఏదో తేడా అయ్యుంటుందని చెప్పి దానికి మందు మొదలుపెట్టారు.

మార్చి 26

తగ్గలేదు. చెల్లెలు వచ్చింది. వచ్చినప్పటినుంచి మంచం పక్క స్టూలు దిగలేదు. బావ ముంజేతుల మీద ఎర్రగా చుక్కలు లేచాయి. "అన్నయ్యా, ఇవేంటి?" అంది. చెమటకాయలేమో అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

మధ్యాహ్నం చెల్లెల్ని గుర్తుపట్టలేదు. నన్ను చూసి రాయి నెంబరెంత బావా అన్నాడు.

మార్చి 27

పొద్దున డాక్టరమ్మ చెల్లెల్ని బయటికి పిలిచి, మందు పట్టడం లేదు, పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలేమో, దారిలో ఏమైనా కావచ్చని చెప్పింది. చెల్లెలు ఏడవలేదు. చెంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. అది చూశాక నేను ఆలోచించలేదు. సంచీలోంచి ఈ పుస్తకం తీసి, పదకొండో తారీఖు కాగితం పర్రున చింపి, పురుగు ఉన్న వైపు పైకి పెట్టి డాక్టరమ్మ చేతికిచ్చాను.

"పట్టింది."

"ఎప్పుడు?"

"పదకొండున."

ఎలా తెలుసని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. కాగితం పట్టుకుని లోపలికి దాదాపు పరిగెత్తింది. అయిదు నిమిషాల్లో మందు మార్చారు.

చెల్లెలికి మాత్రం దుప్పట్లో దొరికిందని చెప్పాను. అది అబద్ధం కాదు. చూపు మందగించింది కదమ్మా, వీపు మీద ఉన్నప్పుడు ఆనలేదేమో అని కూడా అన్నాను. ఇన్నాళ్లూ ఎవరైనా నా కళ్లను అంటే ఒంటికాలిమీద లేచేవాణ్ణి. ఇవాళ వాటినే అడ్డం పెట్టుకున్నాను.

మార్చి 28

జ్వరం దిగుతోంది. నీళ్లడిగాడు.

చెల్లెలు నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు ఆ పురుగుని దాచిపెట్టబట్టి ఆయన దక్కాడన్నయ్యా. ఇంకొకరైతే పారేసేవాళ్లు" అంది. అప్పుడు ఏడ్చింది. చేతులు వెనక్కి లాక్కోలేకపోయాను. తిట్టినా కొట్టినా ఇంతకంటే హాయిగా ఉండేది.

మార్చి 29

ఇవాళ రాయబోయి పుస్తకం తెరిస్తే తొమ్మిదో తారీఖు తర్వాత పన్నెండు వచ్చింది.

కాగితానికి రెండు వైపులుంటాయి. వెనక పురుగుంటే ముందువైపు నా రాత ఉంది. ఏం రాశానో గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, ప్రతి అక్షరం కళ్ల ముందే ఉంది. నా పద్ధతే నా మెడకు చుట్టుకుంది.

నర్సు దగ్గరికి వెళ్లి ఆ కాగితం కావాలన్నాను. "కేసు ఫైల్లో పెట్టేశామండీ. ఇంటికెళ్లేటప్పుడు ఫైలు పేషెంటుకే ఇస్తాం, ఆయన్నడిగి తీసుకోండి" అంది. ఎంత మర్యాదగా చెప్పిందో.

ఏప్రిల్ 3

బావని ఇంటికి పంపించారు. ఫైలు తన చంకలోనే పెట్టుకున్నాడు. ఆటోలో పక్కనే కూర్చున్నాను. అట్ట మధ్యలోంచి టేపు అంచు మెరుస్తోంది. చెయ్యి చాపితే అందుతుంది.

చాపలేదు.

ఏప్రిల్ 6

బావ వరండాలో కుర్చీలో ఉంటున్నాడు. నేను వెనక గదిలోంచి బయటికి వెళ్లాలంటే ఆ కుర్చీ ముందునుంచే వెళ్లాలి. "భోంచేశావా బావా?" అంటాడు. చేశానంటాను. చదివాడో లేదో తెలియదు. మొహం చూసి పోల్చుకుందామంటే మొహం చూడలేను.

రాత్రుళ్లు స్టీలు కంచం వెనక్కి పట్టుకుని, అద్దంలో వీపు చూసుకోవడం అలవాటైంది. ఇంట్లో పిడుదులేం ఉంటాయి? అయినా చూసుకుంటున్నాను. ఇంకెవరినీ చూడమని అడగలేను.

ఏప్రిల్ 8

ఆఫీసువాళ్లు కళ్ల పరీక్షకి పంపారు. దగ్గర అక్షరాలకు, దూరం బోర్డులకు కళ్లజోడు రాశారు. కళ్ల డాక్టరు కుర్రవాడు, హుషారుగా ఉన్నాడు. "మధ్య దూరం మీకు బ్రహ్మాండంగా ఉందండీ. చెయ్యి చాచినంత దూరంలో ఆవగింజ పెట్టినా చెప్పేస్తారు" అన్నాడు. ఉన్న ఒక్క సాకూ అలా పోయింది.

ఏప్రిల్ 10

ఆఫీసరు పిలిచి బావ ఇచ్చిన కాగితం చూపించాడు. కళ్లజోడు పెట్టుకుని చదివాను. నేను పోయినేడాది రాసిన తప్పు నెంబర్లన్నీ వరసగా వేశాడు. ఒక్కటీ వదల్లేదు. అది చదువుతుంటే మళ్లీ కడుపు మండింది, ఒప్పుకుంటాను. చివర ఇలా ఉంది: "కావున వీరికి ఆఫీసు ఖర్చుతో కళ్లజోడు ఇప్పించగలరు. అంతవరకు వీరిని హద్దు పని నుంచి తప్పించవద్దు. నెంబర్లు నేను చూసుకుంటాను."

గేటు డ్యూటీ మాట ఆఫీసరుదేనట. ఇప్పుడు అవసరం లేదన్నాడు. "ఇంకో ఎనభై చిల్లర రాళ్లున్నాయి. మీ బావ ఈ వారంలో డ్యూటీకి వస్తానంటున్నాడు. ఎవరితో వెళ్తావంటే మీ పేరే చెప్పాడు."

నా పేరే ఎందుకు చెప్పాడు?

ఏప్రిల్ 15

శనివారం. జీపు దింపి వెళ్లిపోయింది. అదే గది. వానలు పడ్డాయేమో, గడ్డి ఇంకాస్త పెరిగింది. ఫైలు కూడా తెచ్చుకున్నాడు, మందుల చీటీలు అందులోనే ఉన్నాయట. తలగడ కింద పెట్టుకున్నాడు.

సాయంత్రం దాకా సర్దుకోవడమే సరిపోయింది. గడ్డిలో దిగలేదు కాబట్టి ఇవాళ చూసుకోనక్కర్లేదన్నాడు. బతికిపోయాననుకున్నాను. రేపొకటి ఉంది.

ఏప్రిల్ 16

అయిదు రాళ్లే అయ్యాయి. బావకి ఇంకా నీరసం, మధ్యమధ్య కూర్చుంటున్నాడు. కళ్లజోడుతో నెంబర్లన్నీ తప్పు లేకుండా రాశాను. "బాగా వచ్చాయి" అన్నాడు. పగలంతా కలిపి మాట్లాడుకున్నది అంతే.

పొద్దు వాలేసరికి చొక్కా విప్పి, స్టూలు లాక్కుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎప్పుడూ ముందు నన్ను చూసేవాడు. ఇవాళ తనే ముందు కూర్చున్నాడు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"చూడు బావా."

"ఆ రోజు నేను చూశాను బావా" అన్నాను. నెల రోజులుగా లోపల కూడబలుక్కున్న మాటలు చాలా ఉన్నాయి. బయటికి వచ్చింది అదొక్కటే.

"చదివాను" అన్నాడు. వెనక్కి తిరగలేదు.

లేచి నా మెడ పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకుంటే బాగుండుననే ఉంది నాకు. స్టూలు మీంచి కదల్లేదు. వెన్నెముక పూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి, ఇంత చిక్కిపోయాడని ఇప్పుడే చూశాను.

"ఆ కాగితం గురించి నీకు ముందే చెప్పాల్సింది" అన్నాడు. "చెప్తే నొచ్చుకుంటావని దాటేశాను. నాది తప్పే. కానీ బావా, అది అంతటి తప్పు కాదు."

"కాదు" అన్నాను.

"ముందు చూడు. వెలుతురు పోతోంది."

చూశాను. చెవుల వెనక, మెడ, చంకలు, నడుము. ఎడమ రెక్క ఎముక కింద గోరంత గోధుమరంగు మచ్చ ఉంది. అక్కడ మూడుసార్లు చూశాను. కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి.

"మచ్చ ఉంది."

"అది తెలుసు. ఇంకా?"

"లేవు."

నిజమా అని అడగలేదు. లేచి చొక్కా తొడుక్కుని, "ఇప్పుడు నువ్వు తిరుగు" అన్నాడు.

కూర్చున్నాను. చాలాసేపు చూశాడు. చెవుల వెనక జుట్టు పాయలు పాయలుగా తీసి చూశాడు. వీపు మీద వేలు నెమ్మదిగా జరిగింది. ఎడమవైపు, నా చెయ్యి అందని చోట ఆగింది. ఆగి, అక్కడే ఉంది. తర్వాత వేలు తీసేశాడు.

"లేవు" అన్నాడు.

రిజిస్టరు తెరిచి రాశాడు, సంతకం పెట్టాడు. తలగడ కింది ఫైల్లోంచి మడత పెట్టిన కాగితం తీసి నా పుస్తకం మీద పెట్టాడు. "నీదే ఇది. పద్ధతి తప్పకుండా దాని చోట్లో అంటించుకో" అని పొయ్యి వెలిగించడానికి వెళ్లాడు. ఆ మాటలో ఎకసెక్కం ఉందో లేదో ఎంత వెతికినా తేలలేదు.

కాగితం తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య అంటించాను. పురుగు ఇంకా దాని చోట్లోనే ఉంది.

వేలు ఆగిన చోట దురదగా ఉంది. చెమటకాయలే అయ్యుండొచ్చు. గోడకు అద్దం ఉంది. స్టీలు కంచం చేతిలోనే ఉంది. వెనక్కి పట్టుకుని నాలుగడుగులు వేస్తే తెలిసిపోతుంది.

"బావా, అన్నం ఉడికింది. కంచం తే" అని పిలిచాడు.

తీసుకెళ్లి ఇచ్చాను.